మొక్కిన జడ

నా ఎముకల మజ్జలో పుట్టిన రక్త క్యాన్సర్ మందులకు కాస్త లొంగాక, మజ్జ మార్పిడి చేద్దామన్నారు డాక్టరు. ఆ మాట చెవిన పడిందే తడవు, మా తమ్ముడు రాజమండ్రి నుంచి జనక్‌పురిలో మా ఇంట్లో దిగిపోయాడు. నాకు మజ్జ ఇవ్వాల్సి రావచ్చని ముందే ఊహించి, నెల్లాళ్ళుగా బీట్‌రూట్లు, ఖర్జూరాలు తిని రక్తం పట్టించుకొచ్చాడట.

డాక్టరు నవ్వేశారు. ఈ జబ్బుకు తమ్ముడిది అక్కర్లేదట. నా మూలకణాలే తీసి, గడ్డకట్టించి దాచి, గట్టి కీమో ఇచ్చాక మళ్ళీ నాకే ఎక్కిస్తారట. పంక్తిలో కూర్చున్నవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపినట్టు ముడుచుకుపోయాడు మావాడు.

కీమో అయింది. దాచిన కణాలు చిన్న సంచిలో వచ్చాయి. "దీదీ, ఆప్ హీ కా సామాన్ హై, వాపస్ లే లీజియే" అంది నర్సు, మీ సామానే మీరు వెనక్కి తీసుకోండని. కణాలు పాడవకుండా కలిపిన మందుకి గదంతా ఉడికిన మొక్కజొన్న వాసన. అవి మజ్జలో కుదురుకోవాలి. కుదురుకోకపోతే ఒంట్లో రక్తం ఊరదు. రోజూ తెల్లకణాల లెక్క చూసేవారు, రోజూ లేవనేవారు. నాకు చచ్చేంత భయం వేసింది.

మా ఆయనకు గుడ్‌గావ్ ఆఫీసు తప్పదు కనుక మాస్కు కట్టుకుని తోడుండేది తమ్ముడే. ఓ పొద్దున నా జుట్టు కుచ్చులుగా దిండు మీదికి వచ్చేసింది. వాడు నాకన్నా ఎక్కువ బెదిరిపోయాడు.

"నీకు నయమైతే తిరుమలలో నీ తలనీలాలు ఇప్పిస్తానని మొక్కేశానక్కా. ఇప్పుడెలా?"

ఒళ్ళు మండింది. నా జడ నన్నడగకుండా మొక్కడానికి వీడెవడు?

"పోనీ, నా జుట్టిచ్చేస్తాలే."

"చాల్లేరా. నా పేరున మొక్కి నీ తలతో తీరుస్తావా? ఇక్కడ అన్నీ నావే పనికొస్తాయి, డాక్టరు చెప్పలేదూ?"

"అయితే మళ్ళీ మొలవాలి. మొలిచేదాకా నువ్వుండాలి" అని కిటికీ వైపు తిరిగిపోయాడు. వాడు ఏడుస్తున్నాడని తెలిసి నేనూ ఏడ్చాను.

తర్వాత ఓ ఉదయం డాక్టరు తలుపు దగ్గరే చెప్పారు, తెల్లకణాలు కనిపిస్తున్నాయని. మర్నాడు ఇంకొన్ని. నావి నా దగ్గరికి తిరిగొచ్చాయి. ఈ జబ్బు మళ్ళీ తలెత్తవచ్చని తెలుసు, పరీక్షలకు వెళుతూనే ఉన్నాను. అయినా ఇప్పుడు పొద్దున్నే ఆకలేస్తుంది, మా ఆఫీసు వాళ్ళ మీద కోపమూ వస్తుంది.

జుట్టు ఉంగరాలు తిరిగి మొలిచింది. తమ్ముడు వీడియో కాల్ చేసినప్పుడల్లా తల వంచి చూపించమంటాడు. నిన్న భుజం దాటిందని చూపించి, తిరుమలకు టికెట్లు తీయమన్నాను.

వాడు చాలాసేపు చూశాడు.

"ఇంకా పెరగనీ అక్కా. స్వామికేం తొందర లేదు."