అర్థం చెప్పాకే చరణం

పాటలో అర్థం తెలియని మాట వస్తే చాలు, ఇంబిచ్చికోయ ఆ పాటను అక్కడినుంచి ఒక్క అడుగు కదలనివ్వడు. పాడేది ఎవరైనా సరే, కుడిచెయ్యి పైకెత్తేస్తాడు. "ఆపండి. ఆ మాట సంగతేమిటో తేల్చి ముందుకు పదండి" అంటాడు. కల్లాయి రేవులో టేకు దుంగలు కొలిచే పని ఆయనది. చుట్టుకొలత తేలకుండా దుంగ బండెక్కకూడదన్న పద్ధతిని పాటలకు కూడా అంటగట్టాడని అందరూ అనుకునేవారు. ఊరంతా ఆయన్ని కోయిక్క అనే పిలుస్తుంది, అంటే కోయన్న. పాట ఆగినప్పుడు మాత్రం అనే మాటలు వేరు.

కోళిక్కోడ్ పెద్దబజారులో, కొబ్బరి గోదాము మీది మేడగదిలో ఆదివారం మధ్యాహ్నాలు పాటల క్లబ్బు నడుస్తుంది. పాడేవన్నీ పాత హిందీ సినిమా పాటలు. పాడేవాళ్ళలో హిందీ సరిగ్గా వచ్చినవాడు ఒక్కడూ లేడు. మలయాళం అక్షరాల్లో నోటుబుక్కుల్లో రాసుకుంటారు, పాడతారు, విని కళ్ళు తుడుచుకుంటారు. ఏ మాటకు ఏడుస్తున్నామని ఎవరూ ఎవరినీ అడగరు. అడగడం మర్యాద కాదు కూడా. హార్మోనియం వాయించే సుగతన్, గడియారాలు బాగుచేసుకునే మనిషి, పాతికేళ్ళుగా 'ఖలిష్' అన్న మాట రాగానే కళ్ళు మూసుకుని హాయిగా తలూపేవాడు. అది ఏదో నది పేరని ఆయన నమ్మకం. ఒక ఆదివారం కోయిక్క చెయ్యెత్తి పుణ్యం కట్టుకున్నాక, అది లోపల ముల్లులా గుచ్చే బాధ అని తేలింది. అప్పటినుంచి ఆ మాట దగ్గర తల ఎటు ఊపాలో పాపం సుగతన్‌కు తెలియడం లేదు.

మరోసారి 'నశేమన్' దగ్గర ముప్పావుగంట ఆగిపోయారు. అత్తరు అమ్మే హైద్రోస్ దాన్ని పక్షిగూడు అన్నాడు. భోపాల్‌లో రైల్వే ఉద్యోగం చేసి వచ్చిన కురువిళ్ళ, కాదు, క్వార్టర్స్ లాంటిదన్నాడు.

"పక్షిగూడే అనుకుందాం. ఏ పక్షిది?" అన్నాడు కోయిక్క.

"కోయిలది అయ్యుంటుంది" అన్నాడు సుగతన్, తొందరగా తేలిపోతుందని.

"కోయిల గూడు కట్టదు కదయ్యా. చూశావా, గొడవ ఎక్కడుందో. ఏదీ, రాబోయే చరణం పైకి చదువు. సందర్భం చూస్తే తెలుస్తుంది."

సుగతన్ నోటుబుక్కు తిప్పి తరువాతి చరణమంతా గట్టిగా చదివాడు. అందులో ఇంకో రెండు తెలియని మాటలు బయటపడ్డాయి తప్ప గూడు ఎవరిదో తేలలేదు. అయినా కోయిక్క తృప్తిగా చెయ్యి దించి, ఇక కానివ్వండి అన్నాడు. ఏం తెలుసుకుని ఆ తృప్తి పడ్డాడో సుగతన్ బుర్రకు అందలేదు. పైగా మూడేళ్ళ కిందటి వరకూ ఈ మనిషికి మాటల పిచ్చే లేదు. గోడకు ఆనుకుని, పాట మొదలుకాగానే కునుకు తీసేవాడు. అరవై ఏళ్ళకు హఠాత్తుగా ఇంత జ్ఞానదాహం ఎక్కడినుంచి పుట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ దాహానికి బలైపోయినవాడు క్లబ్బు కార్యదర్శి అస్సైనార్. పాటలో ఒక మాట వినసొంపుగా ఉందని కొత్తింటికి 'వీరాన్ మంజిల్' అని పేరు పెట్టి గేటు పక్కన నల్లరాయి మీద చెక్కించాడు. తరువాతి ఆదివారమే ఆ పాటలో చెయ్యి లేచింది. వీరాన్ అంటే మనిషి మసలని పాడుపడ్డ చోటని హైద్రోస్ చెప్పాడు. ఆరోజునుంచి అస్సైనార్ భార్య ఆ గేటు మొహం చూడకుండా వంటింటి దారినే వచ్చిపోతోంది.

అందుకే వార్షికోత్సవం దగ్గరపడగానే అస్సైనార్ ఒక తీర్మానం చేయించాడు. ఆ ఒక్కరోజు కోయిక్క పైకి రాకూడదు, కింద గోదాము వరండాలో సులైమానీ, అంటే పాలు పోయని నిమ్మరసం టీ చూసుకోవాలి. ఈ కబురు చెప్పే పని సుగతన్ నెత్తిన పడింది. కోయిక్క పోట్లాడతాడనుకున్నాడు. ఆయన అసలు గొంతు పెంచలేదు.

"సరే, టీ నేనే కాస్తాను. చెక్కుట్టి కాకా పాడేటప్పుడు మాత్రం నన్ను పైకి రానీ సుగతా" అన్నాడు.

"అసలు భయం ఆయన పాట గురించే కదా కోయిక్కా. ప్రతిసారీ అక్కడే ఆపుతున్నావు."

"ఆ ఒక్కటీ ఒప్పించవూ?"

టేకు వ్యాపారులను గడగడలాడించే మనిషి అలా బతిమాలుతుంటే సుగతన్‌కు జాలి, చిరాకు రెండూ కలిగాయి. కుదరదనే చెప్పి వచ్చాడు.

చెక్కుట్టి కాకాకు డెబ్భై అయిదు. ఈ బజారులోనే బస్తాలు మోసిన మనిషి. వార్షికోత్సవంలో చివరి పాట నలభై ఏళ్ళుగా ఆయనదే. క్లబ్బు పెట్టినవాళ్ళు ఒక కట్టడి చేసి పోయారు: వార్షికోత్సవంలో నోటుబుక్కు చూడకుండా పాడాలి, పాడుతూ పాడుతూ చరణం మరిచిపోయినవాడు హార్మోనియం పక్కనున్న చాప దిగి, ఏడాదిపాటు కింద కూర్చుని వినాలి. ఎవరైనా ప్రశ్న వేసి ఆపితే అది పాడేవాడి తప్పు కిందికి రాదు. చెక్కుట్టి ఒక్కసారి కూడా చాప దిగలేదు. భార్య పోయాక ఆయన ఆదివారం కోసమే బతుకుతున్నాడని అందరికీ తెలుసు. ఏడాదిపాటు చాప దిగి కూర్చోమంటే ఆయన ఇంకో ఏడాది ఉంటాడని ఎవరూ పందెం కాయరు.

వార్షికోత్సవం రోజు నాలుగు గంటలకు గది కిక్కిరిసింది. చెక్కుట్టి పల్లవి అందుకున్నాడు. గొంతు ఎక్కడా చెక్కుచెదరలేదు. మొదటి చరణం అయింది. సుగతన్ మధ్య బిట్టు వాయించి, రెండో చరణానికి దారి వదిలాడు. చెక్కుట్టి అందుకోలేదు. కొత్తగా ఏదో సంగతి వేయబోతున్నాడేమో అనుకుని సుగతన్ బిట్టు మళ్ళీ వాయించాడు. చెక్కుట్టి పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఆయన కళ్ళు గోడ దగ్గర కోయిక్క రోజూ కూర్చునే చోట వెతుకుతున్నాయి. సుగతన్ మూడోసారి బిట్టు మొదలుపెట్టాడు. అస్సైనార్ తలెత్తి చూశాడు.

మెట్ల మీద ధడధడమని చప్పుడైంది. చేతిలో టీ కెటిల్‌తో, లుంగీ ఎగ్గట్టుకుని కోయిక్క వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచేతిలో కెటిల్ ఉంది కాబట్టి ఎడమచెయ్యి ఎత్తాడు.

"ఆపండి. ఇప్పుడు పల్లవిలో వచ్చింది, దిల్ అని. దానికి అర్థమేమిటి?"

గది గొల్లున నవ్వింది. దిల్ తెలియనివాడు ఆ బజారులో పిల్లాపాపల్లో కూడా ఉండడు. అస్సైనార్ లేచి నిలబడ్డాడు. "గుండె కోయా, గుండె. కిందికి పో" అన్నాడు.

"గుండె అంటే మనసా, లేక డాక్టరు చూసేదా?"

మనసేనన్నాడు హైద్రోస్. కాదు ధైర్యమన్నాడు కురువిళ్ళ. మనసైతే పగలదు కదా, పాటలో పగిలిందంటున్నారు అని ఎవరో లేవదీశారు. పోరా పొమ్మన్న అస్సైనారే అందరికంటే గట్టిగా వాదనలో దిగాడు.

"సుగతా, రాబోయే చరణం చదువు. సందర్భం చూస్తే తెలుస్తుంది" అన్నాడు కోయిక్క, సుగతన్ కళ్ళలోకి సూటిగా చూస్తూ.

సుగతన్ చదవడం మొదలుపెట్టాడు. రెండో మాటకు వచ్చేసరికి చెక్కుట్టి మొహం వికసించింది. నాలుగో మాట దగ్గర సుగతన్‌కు అంతా అర్థమైంది. కాకా పాటలో ఆ చెయ్యి లేచేది ఎప్పుడూ సరిగ్గా చరణానికి ముందే. మిగతావాళ్ళ పాటల్లో లేచింది ఎవరికీ అనుమానం రాకుండా ఉండటానికి. ఈ మూడేళ్ళూ తను పైకి చదివింది సందర్భం కోసం కాదు. సుగతన్ ఒక్కో మాటా విడదీసి, నిదానంగా, చివరిదాకా చదివాడు.

చెక్కుట్టి రెండో చరణం అందుకున్నాడు. మూడోది కూడా పాడి, పల్లవి దగ్గర ముగించాడు. గది చప్పట్లతో మోగిపోయింది. సుగతన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఏ మాటకు ఏడుస్తున్నాడో ఈసారి ఆయనకు బాగా తెలుసు.

టీ పోసేటప్పుడు చెక్కుట్టి అందరి ముందూ కోయిక్కను దులిపేశాడు. "నలభై ఏళ్ళనుంచి పాడుతున్నాను. నా పాటకే అడ్డం పడతావెందుకురా? ఎవడైనా దిల్ అంటే ఏమిటని అడుగుతాడా? నీ బుర్రకు మందు వేయించుకో."

కోయిక్క తలొంచుకుని, తప్పయింది కాకా, అన్నాడు. కార్యవర్గం అక్కడికక్కడే ఆయనకు ఒక హెచ్చరిక రాసి చేతికిచ్చింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, చెక్కుట్టి గ్లాసులో నిమ్మరసం ఇంకో నాలుగు చుక్కలు పిండాడు.

సుగతన్ ఆయన పక్కకు జరిగాడు. "కాకాకు తెలుసా?" అని మెల్లగా అడిగాడు.

"తెలిస్తే ఇంత బాగా తిడతాడా?" అన్నాడు కోయిక్క. ఆ తిట్లు తిన్న మొహంలో ఎంత సంతోషముందో చూసి, సుగతన్ తన గ్లాసు కూడా ఆయన ముందుకు చాపాడు.