హేస్‌లో స్క్రాప్ వ్యాన్ వెంట ఒక ఉదయం

ఈ ప్రయాణానికి కారణం నా నోరే. బెల్టు తెగిన వెట్ గ్రైండర్ని చూసి శుక్రవారం చిరాకులో తీసి పారేయమన్నాను. మా ఆయన కిరణ్ శనివారం పొద్దున ఏడింటికి దాన్ని ఇంటి ముందు గోడ పక్కన పెట్టేశారు. లండన్ శివార్లలోని మా హేస్‌లో అలా పెట్టిన ఇనుప సామాను గంటసేపు కూడా ఉండదు. వీధుల్లో తిరిగే స్క్రాప్ వ్యాన్లు తీసుకుపోతాయి. నేను లేచేసరికి అది లేదు. పెళ్లయిన కొత్తలో బట్టలు తగ్గించుకుని మరీ కడప నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న గ్రైండర్ అది.

ఎదురింటి ఆంటీ దగ్గర మా వీధికి వచ్చే స్క్రాప్ వ్యాన్ నడిపే లిండా ఫోన్ నంబరు ఉంది. ఫోన్ చేస్తే, గ్రైండర్ తన వ్యాన్‌లోనే ఉందని, పదకొండింటికి సౌతాల్ వైపు కాలువ పక్కనున్న స్క్రాప్ యార్డులో తూకం వేయిస్తానని, కాటా ఎక్కిన వస్తువును వాళ్లు తిరిగి ఇవ్వరని చెప్పింది.

పదింబావుకి బస్సెక్కాను. టికెట్టు పౌండు డెబ్బై అయిదు పెన్నీలు, పాతిక నిమిషాల ప్రయాణం, దిగాక పది నిమిషాల నడక. సేఫ్టీ బూట్లు లేనివాళ్లను గేటు దాటనివ్వరు. అదృష్టం, లిండా వ్యాన్ ఇంకా బయట వరసలోనే ఉంది. అరవై దాటిన మనిషి. వ్యాన్ వెనక కూర్చుని అయస్కాంతంతో సరుకు వేరుచేస్తోంది. అంటుకుంటే ఇనుము కుప్పలోకి, అంటుకోకపోతే అల్యూమినియమో, రాగో చూసి విడి బకెట్లలోకి. అన్నీ కలిపేస్తే ఇనుము ధరే కడతారట. నా గ్రైండర్ ఆమె కాళ్ల దగ్గరుంది. రాయికి ధర రాదు కాబట్టి, దాన్ని ఊడగొట్టడానికి సుత్తి అందుకుంది.

"అది పగలగొట్టకండి, నాదే" అన్నాను.

ఆమె సుత్తి పక్కన పెట్టి, దీంతో ఏం చేస్తారని అడిగింది. దోసెల పిండి రుబ్బుతామని చెప్పాను. మోటారు చేత్తో తిప్పి చూసింది.

"మోటారు బానే ఉంది లవ్. బెల్టు మారిస్తే చాలు. పనికిరాదని ఎవరన్నారు?" అంది, ఇక్కడివాళ్లు ఎవరినైనా ఆప్యాయంగా పిలిచే ఆ 'లవ్'తోనే.

"నేనే" అన్నాను.

తూకం అయ్యాక తనే నన్నూ గ్రైండర్‌నీ ఇంటి దగ్గర దింపింది. బదులుగా అడుగు మాడిన అల్యూమినియం గిన్నెలు ఇచ్చాను. అయస్కాంతం అంటుకోకపోయేసరికి నవ్వింది.

కౌన్సిల్ ఇచ్చిన రంగురంగుల బిన్లు చూసి, ఇక్కడ చెత్త సంగతి వాటితోనే తీరిపోతుందనుకునేదాన్ని. వాటిలో పట్టనివాటిని ఒక్కొక్కటే చేత్తో తడిమి చూసే మనుషులున్నారని ఆ రోజే తెలిసింది. ఆ గ్రైండర్ పేరు కూడా తెలియని లిండా దాన్ని నాకంటే శ్రద్ధగా చూసింది.

మీరూ స్క్రాప్ ఇస్తుంటే ఒక్కటి గుర్తుంచుకోండి: ముందు వ్యాన్ మీద కౌన్సిల్ లైసెన్సు ఉందో లేదో చూడండి, అది లేనివాళ్లు కొందరు డబ్బు రాని సామాన్ని ఏ రోడ్డు పక్కనో పారేసిపోతారు.