నలభై లేసు గుడ్డలతో పెన్సిల్వేనియా దాకా

ఈ ప్రయాణానికి కారణం మా పిన్ని రాసిన ఉత్తరం. ఉప్పెనలో ఇంటివాళ్ళను పోగొట్టుకుని, నరసాపురం దగ్గర మా పేటకు చేరిన పదకొండు మంది ఆడవాళ్ళకు ఆవిడ లేసు అల్లడం నేర్పింది. దారం ఇచ్చేదీ షావుకారే, అల్లింది కొనేదీ ఆయనే. కూలి ఆయన దయ. "అమెరికాలో నేరుగా కొనేవాళ్ళుంటే చూడవే తల్లీ. నెలకు యాభై అల్లగలం. ఒక్కోటి నాలుగు డాలర్లకు పోయినా ఇక షావుకారు గడప తొక్కక్కర్లేదు" అని రాసి, నమూనాకు నలభై గుడ్డలు పంపింది. ఎనభైల మొదట్లో మాట ఇది. నేనప్పుడు జెర్సీ సిటీలో నర్సును. పేదల చేతిపనులు కొని అమ్మే చర్చి దుకాణం ఒకటి పెన్సిల్వేనియాలో ఉందని మా తెలుగు చర్చి పెద్ద మోజెస్ గారు కనుక్కున్నారు. ఫోన్ చేస్తే శనివారం పదిన్నరకు రమ్మన్నారు. మీలో ఎవరైనా ఊరి సరుకు పట్టుకుని ఇలాంటి చోటికి వెళ్ళాలనుకుంటే, నేను చేసిన నిర్వాకం చదివి మరీ వెళ్ళండి.

ఫిబ్రవరి నెల. పొద్దున్న ఏడింటికి మోజెస్ గారి పాత స్టేషన్ వ్యాగన్‌లో బయల్దేరాం. రూట్ 22 పట్టుకుని పడమటికి పోవడమే. మంచు లేకపోతే రెండున్నర గంటల దారి, మాకు మూడు పట్టింది. పెట్రోలుకు రానూపోనూ పదహారు డాలర్లయింది. డెలావేర్ నది దాటకముందు ఫిలిప్స్‌బర్గ్‌లో ఒక డైనర్ దగ్గర ఆగాం. గుడ్లు, రొట్టె, కాఫీ కలిపి మనిషికి రెండు డాలర్లు. లేసు నలిగిందేమోనని సంచి విప్పి చూసుకుంటుంటే, వడ్డించే ఆవిడ ఆగి, ఎంతకిస్తావని అడిగింది. "పర్లేదు, ఉంచుకోండి" అని ఒకటి చేతిలో పెట్టేశాను. మోజెస్ గారు తల పట్టుకున్నారు. "అయ్ బాబోయ్, సేల్ చేయడానికి వెళ్తున్నామా, పంచిపెట్టడానికా చెల్లెమ్మా?" అన్నారు. నేను నవ్వేశాను.

దుకాణం చర్చి నేలమాళిగలో ఉంది. ఆర్డర్లు చూసే డోరతీ అనే పెద్దావిడ ఒక్కో గుడ్డనీ దీపం కింద పెట్టి, వెనక్కి తిప్పి, ముడులు వెతికింది. ఎక్కడా కనబడలేదు. "ఇంత శుభ్రమైన పని ఈ ఏడాది చూడలేదు" అంది. నా గుండె ఉప్పొంగిపోయింది. ఆర్డర్ పుస్తకం తెరిచి, కలం మూత తీసి, ఒక్కోటి ఎంత, ఈస్టర్‌లోపు ఎన్ని ఇవ్వగలరు అని అడిగింది.

నాలుగు, యాభై. రెండే మాటలు. పిన్ని ఉత్తరం నా సంచిలోనే ఉంది. కానీ అంత పెద్దావిడ, అంత మెచ్చుకున్న మనిషి, ఆవిడ ముఖం మీద బేరం చెప్పడానికి నోరు రాలేదు. పాడు మొహమాటం! "మీకు తోచినంత ఇవ్వండి. పాపం, పేదవాళ్ళు. మీరేమిచ్చినా సంతోషమే" అన్నాను. మన దగ్గరైతే అవతలివాళ్ళు "అలా కాదు, చెప్పండి" అని రెండోసారి అడుగుతారు. నేనూ ఆ రెండోసారి కోసమే చూస్తున్నాను. మోజెస్ గారు పక్కనుంచి "ప్రైస్ చెప్పమ్మా, నీళ్ళు నములుతావేంటి?" అని గొణిగారు. ఆవిడ రెండోసారి అడగలేదు.

"అంటే ఇవి అమ్మకానికి కాదన్నమాట. మీరు సహాయం కోసం వచ్చారు. అది మేడమీద కమిటీ చూస్తుంది" అని ఎంతో ఆదరంగా చెప్పి, కలానికి మూత పెట్టేసింది. మేడమీద ఇద్దరు ముసలాయనలు మా వాళ్ళకోసం ప్రార్థన చేసి, వాడిన ఉన్ని కోట్లు మూడు అట్టపెట్టెల నిండా ఇచ్చారు. గోదావరి ఎండకు ఉన్ని కోట్లు! ఈ గుడ్డల్ని దాతలకు బహుమతిగా పంచవచ్చా అని అడిగితే, దానికీ తల ఊపాను.

ఒంటిగంటకు తిరుగు దారి పట్టాం. డెలావేర్ వంతెన దగ్గర మోజెస్ గారు బండి పక్కకు తీసి ఆపారు. "యూ టర్న్ చేయమంటావా? వెళ్ళి నాలుగు డాలర్లని చెప్పేసి వద్దాం. అక్కడ అయిదు నిమిషాల పని."

"ఇప్పుడు వెళ్తే ఏం బాగుంటుందండీ" అన్నాను. ఆయన బండిని మళ్ళీ రోడ్డెక్కించారు. సోమవారం ఆ దుకాణానికి ఫోన్ చేసి, ఆవిడ "హలో" అనగానే పెట్టేశాను.

కోట్లు ఓడలో వెళ్ళాయి. నాలుగు నెలలకు పిన్ని జవాబు వచ్చింది. "ఆర్డర్ గురించి ఏమీ రాయలేదేమే? మా పని బాగాలేదన్నారా? ఎక్కడ తప్పుందో చెబితే విప్పి మళ్ళీ అల్లుతాం" అని రాసింది. తప్పు వాళ్ళది కాదని, నాదేనని రాయాలి. అదీ రాయలేకపోయాను. వాళ్ళు కొన్నాళ్ళు చూసి, మళ్ళీ షావుకారు దగ్గరికే వెళ్ళారట. తమ పనే బాగాలేదనుకుని, ఆయన కూలి తగ్గించినా మాట్లాడలేదట. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సయించదు. పిన్ని పోయేదాకా అలాగే అనుకుంది.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. బయల్దేరే ముందు రాత్రే ఒక్కో వస్తువుకూ ధర రాసిన చీటీ కుట్టేయండి. ఎవరైనా ఎంత అని అడిగితే చీటీ చూపించి, నోరు మూసుకోండి.