ఐలయ్య కాక తిప్పిన స్క్రూ

అద్దాలు తుడిచే స్పిరిట్ వాసన తగిలితే చాలు, జనగామలో నేను చదివిన డిగ్రీ కాలేజీ చీకటి గది గుర్తొస్తుంది. ఐలయ్య కాక అక్కడ ల్యాబ్ అటెండర్. రోజూ నర్మెట్ట నుంచి బస్సులో వచ్చేవాడు. చదివింది ఏడో తరగతే అయినా ఇంటర్‌ఫెరోమీటర్ ఆయన మాటే వినేది. ఒకే వెలుగును రెండుగా చీల్చి, రెండు దారుల్లో పంపి, అద్దాలతో వెనక్కి రప్పించి కలిపే పరికరం అది. సరిగ్గా కలిస్తే పసుపుపచ్చ వలయాలు కనిపిస్తాయి. అద్దం వెంట్రుకవాసి ఒరిగినా మాయమవుతాయి.

ప్రాక్టికల్ పరీక్షకు వారం ముందు, మూడు గంటలు తంటాలు పడి వలయాలు పట్టాను. పొంగిపోయి కాకను పిలిచాను. ఆయన తొంగి చూసి, "మంచిగున్నయి బిడ్డా" అంటూనే అద్దం వెనక స్క్రూను అర చుట్టు తిప్పేశాడు. వలయాలు పోయాయి. నాకు ఏడుపొచ్చింది, అంతకు మించి ఒళ్లు మండింది.

"ఎందుకు చెడగొట్టినవ్ కాకా?"

"రేపు ఎవరన్న బల్లకు తగిలితె ఏం జేస్తవ్? మల్ల పట్టు."

ఆ వారమంతా ఆయన చెడగొట్టడం, నేను లోలోపల తిట్టుకుంటూ పట్టడం. తీరా పరీక్ష రోజు బల్లకు తగిలింది నా మోచెయ్యే. పది నిమిషాల్లో వలయాలు మళ్లీ పట్టాను.

ఇప్పుడు ఆ పరికరాలు తయారు చేయడమే నా ఉద్యోగం. అద్దం ఒరగదని నమ్మడం ఎప్పుడో మానేశాను. చదునైన అద్దానికి బదులు, గది మూలలా మూడు అద్దాలు కలిపి పెట్టాను. కాస్త ఒరిగినా వెలుగు వచ్చిన వైపే తిరిగి వెళ్తుంది. మా కంపెనీ పెద్దలు చూసి ఔనంటేనే రెండేళ్ల ఆ పని నిలుస్తుంది. వాళ్లు రావడానికి వారం ముందు స్క్రూ తిప్పి చూశాను. వలయాలు చెదరలేదు. సంతోషం పట్టలేక, రిటైరై నర్మెట్టలోనే ఉంటున్న కాకకు ఫోన్ చేశాను.

"స్క్రూ ఎవరు తిప్పిన్రు?"

"నేనే కాకా."

"నీ చెయ్యికి నీ పని మీద పావురం ఉంటది బిడ్డా. ఇంకోళ్లతోని తిప్పియ్యి."

మా వైపు పావురమంటే జాలి కలిసిన ప్రేమ. మరునాడు, నా డిజైన్ పనికిరాదని మొదటి నుంచీ వాదిస్తున్న సహోద్యోగికే స్క్రూ అప్పజెప్పాను. కసిదీరా తిప్పాడు. వలయాలు పోయాయి. నేను తిప్పింది అర చుట్టేనని అప్పుడు తెలిసింది. అంతకు మించి తిప్పితే, మూడు అద్దాలూ కలిసే మూలే పక్కకు జరుగుతోంది. అద్దాలు తిరిగే ఇరుసు సరిగ్గా ఆ మూల మీదే ఉండేలా మార్చాను. పెద్దల ముందు అతనే మళ్లీ తిప్పాడు. ఈసారి ఒక్క వలయం కూడా చెదరలేదు.

ఇప్పటికీ, పని బాగా కుదిరిందని నాకనిపించిన రోజే స్క్రూ ఇంకొకరి చేతిలో పెడతాను.