మా నాన్న నేసిన పరాయి పాక

నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా ముసునూరంతా అంటుంది. అననివ్వండి. ఇది ఆ సగంలోది కాదు. తినే అన్నం మీద ఒట్టు.

నైజాం గొడవల్లో ఇల్లు కాలిపోయి, చంకలో పసిబిడ్డతో చాట్రాయి మీదుగా మా ఊరొచ్చారు మల్లయ్య, రాజమ్మ. ఊరంతా కదిలింది. ఒకరు వెదుళ్లు, ఒకరు నార, ఒకరు తాటాకు... సాయంత్రానికి మామిడితోట అంచున పాక లేచింది, ఒక పక్క కప్పు తప్ప. నా ఇల్లు రెండు వానాకాలాలుగా కారుతోంది. ఒక్క ఆకు ఇచ్చినవాడు లేడు.

"మనమూ ఊరొదిలి నాలుగు రోజులాగి వద్దామయ్యా. మనకీ కడతారేమో," అంది మా ఆవిడ.

చీకటి పడింది. పైన మబ్బు. బిడ్డకి జ్వరం. వాళ్లు ఆకులు తెచ్చిన బండి కింద పడుకున్నారు. నేనేమీ ఇవ్వలేదుగా... మిగిలిన ఆకుల మోపుకి కాపలా నా వంతన్నారు.

గాలి ఆగింది. తోటలో ఎక్కడో కాయ రాలింది... టప్. మళ్లీ ఏమీ లేదు. అప్పుడు... పాక మీద చప్పుడు. సర్ర్... సర్ర్... నార బిగిస్తున్న చప్పుడు.

"ఆకందించరా, వెధవా."

అది మా నాన్న గొంతు. పాకలు నేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. పోయి మూడేళ్లయింది.

తలెత్తలేదు. ఆకు పైకెత్తాను. ఎవరో అందుకున్నారు... నెమ్మదిగా. ఇంకొకటి ఎత్తాను. అదీ అందుకున్నారు. అంత భయంలోనూ లోపల కుళ్లు పొంగుకొచ్చింది.

"మనిల్లూ కారుతోంది నాన్నా," అన్నాను.

సర్ర్...

తెల్లవారుజామున వాన దంచింది. బిడ్డతో వాళ్లు పాకలోకి పరిగెత్తారు. లోపల చుక్క పడలేదు.

వాన వెలిశాక రాజమ్మ గంజి తెచ్చింది. రెండు ముంతలు.

"ఆ పెద్దాయన యాడికి బోయిండన్నా? రాత్రి మీరిద్దరు మాట్లాడుకునుడు ఇన్నం."

ఊళ్లో నవ్వారు. "నువ్వే కట్టుంటావులే," అన్నారు. నేను జన్మలో కప్పెక్కి ఎరుగను. నార ముడులన్నీ ఎడమచేతి వాటంగా ఉన్నాయి, అచ్చం మా నాన్న వేసినట్టే. కానీ... నా అరచేతుల నిండా నార కోసిన గీతలు. ఏమనుకోమంటారు?

అప్పటినుంచి ఏటా తొలకరికి మా గోడవార ఆకుల మోపు పెట్టి పడుకుంటాను. చెవి కప్పు మీదే. ముక్కూ మొహం తెలియనివాళ్లకి ఒక్క రాత్రిలో నేసిపెట్టిన మనిషి... కన్నకొడుకు ఇంటిమీదికి ఇంకా ఎక్కలేదు. చినుకు మాత్రం సరిగ్గా నా ముక్కు మీదే పడుతోంది.