రాఖీ పున్నమకు తెచ్చిన స్టాండ్

ఇబ్రాంపట్నంల మనోజ అంటె ఎవల్కి ఎర్క లేదు? పొద్దుగాల అంగన్‌వాడీల ఆయా. పోరగాండ్లకు గుడ్లు ఉడకవెడ్తది, ముక్కులు తుడుస్తది, పాట వాడి పండవెడ్తది. పొద్దుమూకినంక అదే మనిషి లగ్గాలల్ల, బోనాలల్ల, క్రిస్మస్‌కు చర్చిల కీబోర్డు వాయిస్తది. నేను రేణుకను. సాగర్ రోడ్డు మీద మాది టైలర్ దుకాణం. మనోజకు దోస్తులు మస్తుమంది ఉన్నరు గాని, దాన్ని మొఖం మీద తిట్టేటి దోస్తును నేనొక్కదాన్నే. మంచితనానికి గూడ ఒక హద్దు ఉండాలె గదా! గీ ముచ్చట చెప్తాంటె నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.

వాళ్ల బాపు ఎల్లస్వామి భజనలల్ల హార్మోనియం వాయిస్తుండె. సాప మీద బాపు పక్కన కూసోని నేర్సుకున్నది ఇది. అందుకే ఎన్నడన్న కూసోనే వాయిస్తది. నిలవడి వాయించుమంటె వేళ్లు ఆడయ్ దానికి. పొట్టి కుర్చీ ఏసుకుంటది, కండ్లు మూసుకుంటది, ఇగ ఊరు మునిగినా తెల్వదు.

భూపాల్ మా బజారోడే. ఆర్కెస్ట్రాకు పెద్ద, పాట ఆయనదే. గొంతు మంచిదే గాని శ్రుతి నిలవదు. మొదట్ల ఎవ్వలు పిలువలే ఆయనను. మనోజనే ఎంట తిప్పుకొని, నాలుగు లగ్గాలల్ల పాడిపిచ్చి, మనిషిని చేసింది. పాట నడుమ శ్రుతి తప్పిందంటె, ఇది ఎడమ చేత్తోని సరైన మెట్టు ఒకటి జర గట్టిగ ఒత్తేది. ఆయన ఎడమ దిక్కు కిందికి చూసేటోడు. ఇది కనుబొమ్మ ఎగరేసేది. పాట మల్ల గాడిల వడేది. జనానికి ఏం తెలుస్తది? సప్పట్లన్నీ భూపాల్‌కే. ఇది సంబురపడేది. 'మా అన్న మంచిగ పాడిండు కదనే' అనేది. దీనికి తోడవుట్టినోళ్లు లేరు. భూపాల్‌కే ఏటేటా రాఖీ కడ్తది. ఆయన ఏటేటా పళ్లెంల చీర వెడ్తడు. ఆ చీరల మీదికి జాకెట్లు కుట్టేది నేనే, అందుకే నాకు ఎర్క.

కీబోర్డు దాని సొంతమే గాని పెట్టుకునేటందుకు స్టాండ్ లేదు. మరేం చేస్తది? నా దుకాణంల ఇస్త్రీ బల్ల ఎత్తుకపోయేది. మడతవెడ్తె స్కూటీ మీద ముంగట నిలవడ్తది, కూసోని వాయించేటోళ్లకు ఎత్తు సరిపోతది. ప్రోగ్రాం ఉన్న దినం నా గిరాకీలకు ముడతల జాకెట్లే. 'ఏందే రేణుక, ఇస్త్రీ లేదా?' అని అడిగితె, 'నీ బిడ్డ లగ్గంల గదే బల్ల మీద పాట మోగింది, ఊకో తల్లీ' అనేదాన్ని.

పోయిన క్రిస్మస్‌కు చర్చిల పాట నడుమ ఆ బల్ల కాలు లోపటికి మడిగింది. కీబోర్డు జారి మనోజ ఒళ్లె వడ్డది. వేరేటోళ్లయితె అవ్వా అని లేసి ఉరుకుదురు. ఇది ఒళ్లెనే పెట్టుకొని పాట పూర్తి చేసింది. మోకాళ్లు కమిలిపోయినయ్. భూపాల్ పాట ఆపలే, ఒక్కపారి తిరిగి సూడలే. "నీ అన్నకు నీ మోకాళ్లు కనవడలేవానే?" అని అడిగిన. "పాట నడుమ ఎట్ల సూస్తడే, నీదొక లొల్లి" అని నన్నే కసిరింది.

ఆనాటికెల్లి దానికి ఒకటే పిచ్చి, స్టాండ్. ఫోన్ల స్టాండ్ల వీడియోలే సూసుడు. నేను గుండీలు కుడ్తాంటె పక్కపొంట కూసోని, "గిది సూడు రేణుక, మోకాళ్లకు తాకది. గిది సూడు, సంచిల వడ్తది" అని నా పాణం తీసింది.

రాఖీ పున్నమ వచ్చింది. నేను గూడ ఆడనే ఉన్న. మనోజ బొట్టువెట్టి, హారతిచ్చి, భూపాల్ నోట్లె మిఠాయి వెట్టి రాఖీ కట్టింది. ఊడిపోవద్దని ముడి మీద ముడి ఏసింది. భూపాల్ ఆనాడు పళ్లెంల చీర వెట్టలే. ఏమీ వెట్టలే. "చెల్లె, రేపు సిటీకి పోదాం. మంచి స్టాండ్ తెద్దాం. నీకు నచ్చిందే తెద్దాం, నువ్వే సూడు" అన్నడు.

మా దిక్కు రాఖీ కట్టిన చెల్లె పళ్లెం ఖాళీగ లేపదు. ఖాళీ పళ్లెం ముంగట కూసోని అన్న గిట్లంటె, ఏ చెల్లె అయినా ఏమనుకుంటది? మీరే చెప్పుండ్రి! మనోజ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. బజారంతా తిరిగి చెప్పింది, మా అన్న రాఖీకి స్టాండ్ వెట్టిండని. నిజం చెప్పాలంటె నేను గూడ అనుకున్న, పోనీ తీయ్, మోకాళ్ల ముచ్చట ఇప్పటికన్న యాదికొచ్చింది మనిషికి అని.

తెల్లారి ముగ్గురం కోఠి దిక్కు ఒక దుకాణంకు పోయినం. మనోజ కీబోర్డు ఎంట తెచ్చుకున్నది. దుకాణపాయన ముందుగాల రెండు పైపులు అడ్డంగ ఉండి కత్తెర లెక్క తెర్సుకునేది సూపెట్టిండు. మస్తు తేలిక. మనోజ కుర్చీ గుంజుకొని దాని ముంగట కూసున్నది. పైపులు మోకాళ్లకు తాకినయ్. "నిలవడేటోళ్లకు మంచిదే, నాకు కాదు" అన్నది. ఇంకోటి ఇనుప దిమ్మె అంత బరువున్నది. "దీన్ని స్కూటీ మీద వెడ్తె రేణుక నడిసి రావాలె" అన్నది. మూడోది నాలుగు కాళ్లది, బల్ల తీరు. నడుమ మోకాళ్లకు జాగ ఉన్నది. కాళ్లు లోపటికి మడుగుతయ్, గొట్టంల గొట్టం జొచ్చి ఎత్తు లేస్తది, దిగుతది. కీబోర్డు దాని మీద వెట్టి, కీబోర్డు మీద నిండు చాయ్ గిలాస వెట్టింది. దుకాణపాయన "అమ్మా, అమ్మా!" అని మొత్తుకున్నడు. ఇది ఇంటదా? బోనాల దరువు ఒకటి దంచింది. చాయ్ చుక్క కింద వడలే. "ఊరేగింపుల డీసీఎం లారీ మీద గూడ గిట్లనే ఆగాలె" అని ఆ చాయ్ తాగేసి, "గిదే" అన్నది.

భూపాల్ రెండే మాటలు అడిగిండు. "ఎత్తు ఎంతదాంక లేస్తది చెల్లె? పెద్ద కీబోర్డు వెట్టినా ఆగుతదా?" మనోజ నన్ను మోచేత్తోని పొడిసింది. ముందుముందు తనకు పెద్ద కీబోర్డు గూడ తెస్తడట అన్న, గందుకే అడుగుతున్నడట! ఎత్తు పూర్తిగ లేపి సూపెట్టింది. ఒక కాలు ఊకెనే బిగువది, జర లోపటికి ఒత్తి తిప్పాలె. ఆ కిటుకు గూడ దుకాణంలనే పట్టింది. పైసలు భూపాల్ కట్టిండు.

ఇంటికి తెచ్చి కాళ్లకు పసుపు రాసి, కుంకుమ బొట్లు వెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నేను నీలం రంగు మందం బట్టతోని సంచి కుట్టిన. మూత మీద ఎర్ర దారంతోని 'మనోజ' అని పేరు కుట్టిన. నా చేత్తోని నేను కుట్టిన ఏ పెండ్లి జాకెట్ గూడ అంత మంచిగ రాలే.

వినాయక చవితి దగ్గరికి రాంగ భూపాల్ వచ్చిండు. సామాన్లన్నీ ఒక్కతాన ప్యాక్ చేస్తున్న, స్టాండ్ గూడ ఇయ్యి అన్నడు. సంచి సూసి, "పేరెందుకు కుట్టిచ్చినవ్ చెల్లె?" అన్నడు. "నాది నాకు దొరకొద్దా?" అన్నది ఇది. ఆయన నవ్విండు. నాకా నవ్వు నచ్చలే. ఆయన స్టాండ్ తీస్కపోయినంక ఆ మాటే అన్న. "నీకు అందరి మీద అనుమానమే. జాకెట్లు కొలిసినట్టు మనుషులను కొలువకు" అన్నది మనోజ. సరే తల్లీ, నీ ఇష్టం అన్న.

బాలాపూర్ దిక్కు ఒక మండపం కాడ ప్రోగ్రాం ఉన్నదని భూపాల్ ఎప్పటికెల్లో చెప్తుండె. అంత పెద్ద స్టేజీ మీద మనోజ ఎన్నడూ వాయించలే. ఆ దినం వచ్చినా ఆయన ఫోన్ చెయ్యలే. "పనిల ఉండొచ్చు, మనమే పోదాం" అన్నది. పోయినేడు రాఖీకి ఆయన వెట్టిన చీరనే కట్టింది. మధ్యాహ్నం బువ్వ తిని, కీబోర్డు ఇద్దరి నడుమ వెట్టుకొని స్కూటీ మీద ఎల్లినం. మన్నెగూడ కాడ ఆపి బంతిపూల మూర ఒకటి కొన్నది. "జడల బంతిపూలేందే?" అన్న. "జడకు కాదు, స్టాండ్‌కు" అన్నది.

మండపం కాడికి పోయేసరికి స్టేజీ మీద మైకులు సూస్తున్నరు. నడుమల మా స్టాండ్. పసుపు అట్లనే ఉన్నది కాళ్లకు. పొట్టదాంక ఎత్తు లేపి ఉన్నది. దాని మీద మా కీబోర్డుకు రెండింతల పెద్ద కీబోర్డు. దాని ఎనక టోపి వెట్టుకున్న పిల్లగాడు ఒకడు నిలవడి, ఎగురుకుంట వాయిస్తున్నడు. సంచి డ్రమ్ముల కింద పడేసి ఉన్నది. పేరు కనవడకుండ లోపలిది బైటికి తిప్పిండ్రు. నా దారం, నా కుట్టు, తిప్పేసిండ్రు!

భూపాల్ మైకు సూసుకుంట పాట ఎత్తుకున్నడు. శ్రుతి తప్పిండు. అలవాటు గదా, ఎడమ దిక్కు కిందికి చూసిండు. ఆడ ఆ పిల్లగాని మోకాళ్లున్నయ్. గప్పుడే స్టేజీ కింద మనోజ కనవడ్డది ఆయనకు. పాట ఆగింది.

"చెల్లె, నేనే ఫోన్ చేద్దామనుకున్న..." అని దిగి వచ్చిండు. "కమిటీలోళ్లు ఒకటే లొల్లి. నువ్వు కూసోని వాయిస్తవ్, వీడియోల కనవడవ్. నిలవడి ఎగిరేటోళ్లు గావాల్నంట. గా వినోద్ కుమార్ సిటీ పిల్లగాడు, మంచి స్టాండ్ ఉంటెనే వస్తనన్నడు. నీలెక్క సూసి తెచ్చుడు ఎవల్కి వస్తది చెప్పు?"

నా నోరు ఊకుంటదా? "థూ! రాఖీకి వెట్టిన దాన్ని గుంజుకుంటవా? ఏరు దాటేదాంక ఓడ మల్లన్న, ఏరు దాటినంక బోడ మల్లన్న! సిగ్గు లేదా నీకు?" అని ఒర్రిన.

"రాఖీకని నేనెప్పుడన్న? స్టాండ్ తెద్దామన్న, అంతే. తనే అనుకున్నది" అన్నడు. ఆ మాట అన్నప్పుడు గూడ మైకు పట్టిన చేతికి రాఖీ మెరుస్తనే ఉన్నది. వాని నోట్లె మన్ను వడ!

ఆ పిల్లగానికి పాపం ఏం తెల్వదు. పైకెల్లి వంగి, "నమస్తే అక్కా, స్టాండ్ మీరే తెచ్చిన్రట గదా, అన్న చెప్పిండు. మస్తున్నది. గీ ఒక కాలు బిగుస్తలేదు, జర సూస్తరా?" అన్నడు.

మనోజ స్టేజీ ఎక్కింది. నేను చెయ్యి పట్టి గుంజిన, ఇనలే. మోకాళ్ల మీద కూసోని, కాలు లోపటికి ఒత్తి తిప్పి బిగిచ్చింది. "గిప్పుడు కదలదు తమ్మి" అన్నది. కిందికి దిగి భూపాల్ ముంగట నిలవడ్డది.

"ఒక్కటి చెప్పన్నా. గీ పిల్లగాన్ని ఎన్నడు మాట్లాడినవ్?"

భూపాల్ నేలకు చూసిండు. "ఆషాఢంల, బోనాలప్పుడు."

"అంటె నేను రాఖీ కట్టిననాడు నీకు ఎర్కనే."

ఆయన మైకు వైరు వేలికి చుట్టుకుంట "అవ్" అన్నడు.

"స్టాండ్ ఉంచుకో. రాఖీ నాది, ఇప్పియ్యి" అన్నది మనోజ.

"పండుగ పూట గదేం మాట చెల్లె" అన్నడు. ఇది కదలలే. మండపంలున్న ఆడోళ్లు ఇటే సూస్తున్నరు. భూపాల్ రాఖీ గుంజిండు, రాలే. పండ్లతోని గుంజిండు, రాలే. నా సంచిల కత్తెర ఎప్పుడూ ఉంటది. తీసి, "దా, చెయ్యే కోస్త" అని ముంగటికి పోయిన.

"కత్తెర వద్దు రేణుక. కట్టింది నేనే, ఇప్పేది నేనే."

భూపాల్ చెయ్యి చాపిండు. రాఖీ పున్నమ నాడు ఎట్ల చాపిండో అట్లనే. మనోజ తల వంచి గోర్లతోని ఒక్కొక్క ముడి ఇప్పింది. చెమటకు, నీళ్లకు దారం గట్టిపడ్డది, ఊకెనే వస్తలేదు. ఆడ అంతమంది ముంగట భూపాల్ చెయ్యి చాపుకొని నిలవడాల్సి వచ్చింది, అది ఇప్పేదాంక. రాఖీ చేతికి వచ్చినంక కొంగుల కట్టుకున్నది. బంతిపూలు వినాయకుని కాళ్లకాడ వెట్టి, "నడువ్" అన్నది.

దారి పొంటి నేను భూపాల్‌ను తిట్టని తిట్టు లేదు. మనోజ ఎనక కీబోర్డును పట్టుకొని సప్పుడు చెయ్యకుండ కూసున్నది. ఏడ్సినా మంచిగుండు అనిపిచ్చింది నాకు. మన్నెగూడ దాటినంక నా భుజం మీద తల ఆనిచ్చింది.

"రేణుకా, మోకాళ్లకు తాకకుండ మస్తు మంచిగుండె కదనే అది" అన్నది. గప్పుడు ఏడ్సింది.