మిర్చి యార్డు సెట్టులో వడ్ల టిక్కీ

నేను రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో పొన్నూరు నాటక సమాజం ఒకటి నాకు సెట్టు పని అప్పగించింది. అప్పటికి గుంటూరులో ఒక దినపత్రికకు పేజీలు దిద్దే ఆర్టిస్టును. సెలవు రోజుల్లో నాటికలకు రంగాలంకరణ చేసేవాణ్ణి. ఈ నాటిక మిర్చి యార్డులో జరుగుతుంది. ధర నచ్చని రైతు తన సరుకును వీపున వేసుకుని వెళ్లిపోవడంతో ముగుస్తుంది. దర్శకుడు సాంబశివరావు గారి సమాజానికి నాలుగేళ్లుగా నాటక పరిషత్తు పోటీల్లో బహుమతి లేదు. ఈసారీ రాకపోతే మూసేస్తానని ఆయన ముందే చెప్పారు.

పోటీల్లో సెట్టు అమర్చుకోవడానికి ఇచ్చేది పావుగంట. అందుకని గోడలూ తలుపులూ పెట్టుకోలేదు. వెనక మూడు వరుసల టిక్కీలు, కుడివైపు ఒక కాటా, అంతే. టిక్కీ అంటే యార్డుకు మిరపకాయలు వచ్చే గోనె బస్తా, నలభై కిలోల పైమాటే. వాటిలో నిజమైన కాయలే ఉండాలని పట్టుబట్టింది నేనే.

బ్రాడీపేటలో ఒక హాల్లో రిహార్సల్. వ్యాపారి వేషధారి మచ్చు చూడటానికి గుప్పెడు కాయలు తీసి విదిలించాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. రైతు భార్యగా వేస్తున్న రాజ్యలక్ష్మి గారి కళ్లు ధారలు కట్టాయి.

"ఏవమ్మా, ఏడుపు చివరి సీనులో గదా," అన్నారు దర్శకులు తుమ్ముతూనే.

"ఏడుపు కాదండీ, ఘాటు. ఆర్టిస్టు గారినే వచ్చి వేషం వెయ్యమనండి."

మర్నాడు టిక్కీలన్నిటినీ పత్తితో నింపించాను. చూపుకు తేడా లేదు, అమర్చడమూ తేలికైంది. ఆ రోజు రిహార్సల్‌కు రైతు వేషం వేసే శ్రీను తన స్నేహితుడు కోటయ్యను తీసుకొచ్చాడు. కోటయ్య యార్డులో హమాలీ. చివరి సీను చూసి పగలబడి నవ్వాడు.

"ఏందిరా శీనూ, చంటిపిల్లోణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తావు? అంత తేలికయితే యార్డులో మేమెందుకురా?"

సాంబశివరావు గారు నవ్వలేదు. పోటీ చూడటానికి వచ్చేవాళ్లలో సగం మంది టిక్కీ మోసినవాళ్లేనన్నారు. చివరికి శ్రీను ఎత్తే ఒక్క టిక్కీలో పొన్నూరు వడ్లు పోయించాం. బరువుంటుంది, ఘాటుండదు. గుర్తుగా దాని మూతికి ఎర్రదారం కుట్టాను. ఎత్తే పద్ధతి కోటయ్య నేర్పాడు: ముందు మోకాలి మీదికి, అక్కణ్ణుంచి వీపు మీదికి.

పోటీ రోజు చివరి సీనులో శ్రీను టిక్కీని మోకాలి మీదికి లాగాడు. మెడ నరాలు పొంగాయి. హాలు వెనక నుంచి ఎవరో పెద్దాయన గొంతు వినిపించింది.

"నిదానం అబ్బాయ్, నడుం జాగర్త."

నాటికకు ద్వితీయ బహుమతి వచ్చింది; సమాజం ఇంకా నడుస్తోంది. రంగాలంకరణ బహుమతి మాత్రం వేరే సమాజం కట్టిన మేడ సెట్టుకు వెళ్లింది. ప్రేక్షకులు రోజూ ఎత్తి దించే వస్తువును వేదిక మీద పెట్టేటప్పుడు, రంగు కంటే ముందు బరువు చూసుకోవాలని నాకు తెలిసింది అక్కడే.